ఏ చేత్తో తుడుచుకుంది?

నూనె రాయొద్దని ఫోనులో చెప్పాను. వార్డు గుమ్మం దగ్గర పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాను. అయినా ఆ సోమవారం పొద్దున ప్రీజ నెత్తి మీద చెయ్యి వేస్తే జర్రున జారిపోయింది. మామూలు నూనె కూడా కాదు. మందారాకు, తులసి, ఇంకా ఏమేమి పడేశారో గానీ కాచిన కొబ్బరినూనె. చెవుల వెనక నుంచి కారి చుడీదార్ మెడంతా తడిసింది.

"ఎవరు పెట్టారమ్మా ఇంత నూనె?" అన్నాను.

"నేనే సిస్టరే," అంది వెనక నిలబడ్డ వాళ్ళమ్మ భార్గవియమ్మ, మెచ్చుకుంటానేమో అన్నంత సంబరంగా. "బస్సులో అంత దూరం రావాలి కదా, తల వేడెక్కుద్దని దట్టంగా పెట్టా."

"పెట్టొద్దని ఫోనులో చెప్పాను కదా?"

"ఆస్పత్రికొచ్చాక పెట్టొద్దన్నారనుకున్నా. ఇది ఇంటికాడ పెట్టింది."

"ఇంటికాడ పెట్టిన నూనె ఇంటికాడే ఉండిపోతుందా?"

"పోనీలెండి, మంచిదే. మీ తీగలు బాగా అంటుకుంటాయి."

ఈశోయే, నా యేసయ్యా! ఏం చెప్పమంటారు?

నా పేరు లిసియమ్మ. తిరువనంతపురంలో ఈ పెద్దాస్పత్రిలో మూర్ఛరోగుల నెత్తికి తీగలు అంటించి, మెదడు గీసే గీతల్ని తెరమీద చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగం. సిస్టర్ని కాను, టెక్నీషియన్ని. ఆ మాట భార్గవియమ్మకి మొదటి పది నిమిషాల్లోనే చెప్పాను, ఆవిడ "అలాగే సిస్టరే" అంది. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి పండు ముసలి దాకా నెత్తిన నూనె లేనిదే గడప దాటని ఈ దేశంలో, నూనె చుక్క తగిలితే ఊడిపోయే బిళ్ళల్ని నెత్తికి అంటించే పని నాకు దొరకడం నా నుదుటి రాత. ఇంకెవర్నీ అనడానికి లేదు.

ప్రీజని కుళాయి కింద వంచి, షాంపూ పోసి రుద్దాను. కడిగి మళ్ళీ రుద్దాను. పక్కన వాళ్ళమ్మ, బయట కురుస్తున్న జూన్ వానని చూస్తూ, "జలుబు చేస్తుందేమో, తల తడి ఆరదేమో" అని ఒకటే గొణుగుడు. ప్రీజ మాత్రం నురగ లోపలి నుంచి నవ్వుతోంది.

"తిట్టండి చేచీ, బాగా తిట్టండి. నా మాటెలాగూ వినదు," అంది, అప్పుడే నన్ను అక్కని చేసేసుకుని.

బిళ్ళలన్నీ అంటించి, మీద బ్యాండేజీ చుట్టడానికి గంట పైనే పడుతుంది. సరిసంఖ్యల బిళ్ళలు కుడి పక్క, బేసిసంఖ్యలవి ఎడమ పక్క. ఆ గంటసేపూ కదలకుండా కూర్చోవాలి కాబట్టి రోగులు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. ప్రీజ తన కూతురి గురించి మాట్లాడింది.

కొల్లం పక్కన నీండకరలో వాళ్ళ ఇల్లు. భర్త షాజీ చేపల బోటు మీద పని చేస్తాడు. ఇప్పుడు వేట నిషేధం కాబట్టి ఇంట్లో ఉండి పిల్లని చూసుకుంటున్నాడు. పిల్ల పేరు మాళు, నడక వచ్చేసింది, మాటలు వస్తున్నాయి. ప్రీజకి చిన్నప్పటి నుంచి ఫిట్స్. ముందు పొట్టలోంచి ఏదో పైకి పొంగుకొచ్చినట్టు ఉంటుంది, ఆ తర్వాత తనకేం తెలియదు. చూసినవాళ్ళు చెప్పడం, కళ్ళు ఒకచోట నిలిచిపోతాయి, నోరు నములుతూ ఉంటుంది, ఒక్కోసారి పడిపోయి కొట్టుకుంటుంది. వాడని మాత్ర లేదు. మాళుకి ఏడో నెలప్పుడు, పెరట్లో బేసిన్లో దానికి నీళ్ళు పోస్తూ ఉండగా ప్రీజకి ఫిట్ వచ్చింది. భార్గవియమ్మ వంటింట్లోంచి చూసి పరిగెత్తుకొచ్చి బిడ్డని నీళ్ళలోంచి లాగింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

"అప్పటినుంచీ నన్ను ఎత్తుకోనివ్వరు చేచీ. పక్కన మనిషుంటే నా ఒళ్ళో కూర్చోబెడతారు, కాసేపుంచి తీసేసుకుంటారు. ఎత్తుకుని వాకిట్లోకి నడవడానికి లేదు. అది మా అమ్మని అమ్మా అంటది. నన్ను ప్రీజా అంటది."

నేను జిగురు పెడుతున్న చెయ్యి ఆపాను. మళ్ళీ పెట్టాను.

"ఆపరేషన్ చేస్తే పోద్దంటగా?" అని అడిగింది.

"మెదడులో ఎక్కడ మొదలవుతుందో తేలితే ఆ కాస్త ముక్క తీసేస్తారు. చాలామందికి పోతుంది. తేలకపోతే కత్తి ముట్టుకోరు."

"ఎట్లా తేలుద్ది?"

"నీకు ఫిట్ రావాలి. ఈ తీగలుండగా, ఆ కెమెరా ముందర రావాలి. అందుకే మాత్రలు తగ్గించేది."

స్కానులో కుడి కణత లోపల కొంచెం కుంచించుకుపోయినట్టు ఉంది, ఎడమ పక్క కూడా బాగుందని గట్టిగా చెప్పడానికి లేదు. పొరపాటు పక్క తీస్తే ఫిట్సు పోవు, మాటా జ్ఞాపకమూ పోతాయి. అందుకని గీతలూ కెమెరా కలిసి ఒకే మాట చెప్పాలి. శనివారం మంచం ఖాళీ చెయ్యాలి, ఆ మంచం కోసం ఇంకొకరు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు. ఈ వారం తేలకపోతే ప్రీజకి మళ్ళీ వంతు వచ్చేసరికి మాళు బడికి పోతుంది.

ఇదంతా తల్లికి కూడా కూర్చోబెట్టి చెప్పాను. ఆవిడ అన్నిటికీ తల ఊపింది. ఊపి, వరండాలోకి పోయి, ఊళ్ళో అమ్మవారికి ఫోనులో ఎవరిచేతనో మొక్కు కట్టించింది, ఈ వారం పిల్లకి ఫిట్ రాకుండా చూడమని! ఇక్కడ మేమందరం ఆ ఫిట్ ఎప్పుడొస్తుందా అని గుడ్లప్పగించి కూర్చుంటే, ఈవిడ అక్కడ దేవుడి చేత దారి కాయిస్తోంది. వింటే ఒళ్ళు మండదా?

ఫిట్ మంగళవారం పొద్దున వచ్చింది. నేను పక్క గదిలో తెర ముందున్నాను. తెరలో ఒక సగం గీతలు, ఇంకో సగం కెమెరాలో మంచం. ప్రీజ టిఫినుకి ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టు, శెనగల కూర తింటోంది. చెయ్యి ఆగింది. ఫిట్ వస్తున్నట్టు అనిపించగానే నొక్కమని మేమిచ్చిన బొత్తాం నొక్కింది. శభాష్ అనుకుని ముందుకు వంగానో లేదో, భార్గవియమ్మ స్టూలు మీద నుంచి లేచింది. ఆ వయసులో అంత వేగం ఎక్కడిదో! భుజం మీది తోర్తు తువ్వాలు లాగి పిల్ల మొహం మీద కప్పేసింది. మంచానికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ పిల్ల తల చుట్టూ వేసి గుండెకి అదుముకుంది. ఆ అదుముడికి బిళ్ళలు కదిలి, తీగలు లాగి, తెరమీద గీతలన్నీ చిన్నపిల్లలు గోడమీద బొగ్గుతో గీకినట్టు అయిపోయాయి. కెమెరాలో ఏముంది? భార్గవియమ్మ వీపు. తెల్లటి జాకెట్టు, జుట్టు ముడి, అంతే.

నర్సు షైని పరిగెత్తుకెళ్ళి "తప్పుకోండమ్మా" అనే లోపల అంతా అయిపోయింది. ఆవిడ తువ్వాలు తీసి పిల్ల ముక్కు, మూతి, గడ్డం శుభ్రంగా తుడిచేసి, "ఏం లేదు, ఏం లేదు, తగ్గిపోయింది" అని షైనికే ధైర్యం చెప్పింది.

"ఎందుకు కప్పారు?" అన్నాను వెళ్ళి.

"కప్పకపోతే ఎట్లా? గుమ్మం తీసుంది, ఎవరన్నా చూస్తే?"

"చూడ్డానికే కదమ్మా ఇక్కడికి తెచ్చింది!"

"మీరు తీగల్లో చూస్తారనుకున్నా. మొహంతో ఏం పని?"

నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాను. ముట్టుకోవద్దు, కప్పొద్దు, అడ్డం రావద్దు. పడకుండా మంచానికి కటకటాలున్నాయి, షైని ఉంది, డాక్టర్లున్నారు. మీరు స్టూలు మీద కూర్చుంటే చాలు. "అలాగే సిస్టరే, ఇంక ముట్టుకుంటే ఒట్టు," అంది.

బుధవారం మధ్యాహ్నం రెండోది వచ్చింది. ఒట్టు గాలికి పోయింది. ఈసారి ముందు మంచం చుట్టూ ఉండే పరదా సర్రున లాగింది. షైని పరదా తీసేసరికి, ఇంటి తాళంచెవుల గుత్తి పిల్ల చేతిలో కుక్కి, ఆ గుప్పిటని తన రెండు చేతుల్తో బిగబట్టుకుని కూర్చుంది. ఇనుము పట్టుకుంటే ఫిట్ దిగిపోద్దట. ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, ఏ చెయ్యి ఊరికే కదులుతోంది, ఏదీ తెలియలేదు. గీతలు కాస్త నయం గానీ, మొదలు మాత్రం రెండు పక్కలా ఒక్కసారే అన్నట్టు ఉంది. అయిపోగానే మామూలే, తువ్వాలూ, ముక్కూ, మూతీ.

డాక్టర్ హరీంద్రన్ వచ్చి ఆ రికార్డింగు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. ఆయన నిదానం మనిషి, ఇల్లు తగలబడుతోందన్నా "చూద్దాం" అంటాడు.

"లిసియమ్మా, ఫిట్ అయ్యాక ముక్కు ఎవరు తుడుస్తున్నారు?" అన్నాడు.

"వాళ్ళమ్మ, డాక్టర్."

"అయితే ఆవిడ బుర్రలో ఏ పక్క మొదలవుతుందో మనకి తెలిసిపోయినట్టే."

ఆ హాస్యం వెనకాల సంగతి నాకు తెలుసు. ఈ రకం ఫిట్ అయిపోయాక మనిషికి ముక్కు కారుతుంది, ఇంకా పూర్తిగా తెలివి రాకుండానే చెయ్యెత్తి తుడుచుకుంటారు. ఫిట్ మొదలైన పక్కకి అవతలి చెయ్యి కాసేపు మాట వినదు, ఇవతలి చెయ్యే లేస్తుంది. కాబట్టి ఏ చేత్తో తుడుచుకుంటే చాలావరకు ఆ పక్కే మొదలైనట్టు. ఆ ఒక్కదాన్నే నమ్ముకుని కత్తి పట్టరు గానీ, గీతలకి తోడైతే పెద్ద బలం. ప్రీజకి ఇన్నేళ్ళలో తన ముక్కు తను తుడుచుకునే అవకాశమే రాలేదు.

"ఆవిణ్ణి మార్చెయ్యండి డాక్టర్, ఇంకెవర్నన్నా తోడుండమనండి," అన్నాను.

"ఎవరున్నారు?"

ఎవరూ లేరు. తండ్రి పోయాడు. భర్త వస్తే పిల్లని చూసేవాళ్ళు లేరు. తోడు మనిషి లేకుండా వార్డులో ఉంచరు. భార్గవియమ్మని కాసేపు బయట వరండాలో కూర్చోమంటే, "నా పిల్లనొదిలి నేనెక్కడికీ రాను, కావాలంటే నాక్కూడా తీగలు పెట్టండి" అని మంచం కోడు పట్టుకుంది. గోడకి చెప్పినా ఈపాటికి వినేది.

గురువారం ఫిట్ రాలేదు. అమ్మవారు ఆలస్యంగా మొక్కు అందుకున్నట్టుంది. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే ప్రీజ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఫోనులో మాళు మాట్లాడుతోంది, "అమ్మ ఏది? అమ్మకివ్వు" అని. ప్రీజ ఫోను వాళ్ళమ్మకి అందించింది.

శుక్రవారం పొద్దున నాకింక ఓపిక చచ్చింది. రేపు మంచం ఖాళీ చెయ్యాలి. ప్రీజ దగ్గర షైనిని కూర్చోబెట్టి, భార్గవియమ్మ చెయ్యి పట్టుకుని నా గదిలోకి తీసుకొచ్చి తెరముందు కూర్చోబెట్టాను. మంగళవారం రికార్డింగు పెట్టాను.

"చూడండి. ఇదిగో మీ అమ్మాయి పుట్టు తింటోంది. చూస్తున్నారా? ఇప్పుడు వస్తుంది."

ఆవిడ కళ్ళు చికిలించి ముందుకు వంగింది. తెరమీద ఆవిడ లేచింది, తువ్వాలు విసిరింది, అడ్డంగా నిలబడింది. తర్వాత ఇంకేం లేదు. వీపు. ఎంతసేపటికీ ఆ వీపే.

"మా ప్రీజ ఏది?" అంది.

"అదేనమ్మా నేనూ అడిగేది!" అరిచేశాను. "వారం నుంచి అదే అడుగుతున్నా. మీ ప్రీజ ఏది? ఈ వీపుకి ఆపరేషన్ చెయ్యమంటారా?"

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బుధవారానిది కూడా పెట్టమంది. పెట్టాను. అందులో పరదా. తర్వాత తాళంచెవుల మీద ఆవిడ చేతులు. తర్వాత తువ్వాలు.

"ఇది ఎవరెవరు చూస్తారు?" అని అడిగింది.

"డాక్టర్లందరూ ఒక గదిలో కూర్చుని పెద్ద తెర మీద చూస్తారు."

"నోరు వంకర పోవడం, సొంగ కారడం, అంతానా?"

"అంతా."

ఆవిడ తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. ప్రీజ మూడో తరగతిలో బడి ప్రార్థనలో అందరి ముందూ పడిపోయింది. మర్నాటి నుంచి పిల్లలు దాన్ని చూడగానే మూతి వంకర తిప్పి, నములుతున్నట్టు చేసి నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా నవ్వారు. అప్పుడు ఒట్టు పెట్టుకుందట, తన పిల్ల ఆ మొహం ఇంకెవరి కంటా పడనివ్వనని. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, రేవులో, ఎక్కడికెళ్ళినా భుజం మీద తువ్వాలు. అల్లుడికి జబ్బు సంగతి చెప్పే పెళ్ళి చేసింది, కానీ ఆ మొహం మాత్రం అతనికి కూడా ఇప్పటిదాకా చూపించలేదు.

"నేను చేసింది తప్పా సిస్టరే?"

నా కోపం ఎక్కడికి పోతుంది, ఉంది. కానీ గొంతు మాత్రం లేవలేదు. "అప్పుడు తప్పు కాదు. ఇక్కడ తప్పు," అన్నాను. "అక్కడ మీరు కప్పింది నవ్వేవాళ్ళకి కనపడకుండా. ఇక్కడ నవ్వేవాళ్ళు లేరు. కప్పితే రోగం కూడా కనపడకుండా పోతోంది."

ఆవిణ్ణి వెనక్కి తీసుకెళ్ళాను. ప్రీజకి సంగతి అర్థమైపోయినట్టుంది, తల్లి మొహం చూసి, "చూశావా?" అంది.

"చూశా. నువ్వు లేవు అందులో."

"అమ్మా, నువ్వు కప్పబట్టే నేను బళ్ళో చదువుకున్నా, పెళ్ళి చేసుకున్నా. కాదన్లేదు. ఇంక చాలమ్మా. ఎవరు చూసినా నాకు సిగ్గు లేదు. నా పిల్ల నన్ను ప్రీజా అంటే సిగ్గేస్తోంది."

భార్గవియమ్మ స్టూలు మీద కూలబడింది. "నా చేతులు ఆగవు మోళే, నా బిడ్డా. నేను ఆపుదామన్నా అవే లేస్తాయి."

"ఆగకపోతే వాటి మీద కూర్చోండి!" అన్నాను. విసుగుతో అన్న మాట అది. ఆవిడ అలాగే చేసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పది గంటలకి చూశాను, అలాగే కూర్చుని ఉంది. టీ తెచ్చిన మనిషి గ్లాసు చాపితే, "అక్కడ పెట్టి పో" అంది. షైని నవ్వాపుకోలేక వరండాలోకి పోయింది.

మధ్యాహ్నం ప్రీజకి గంజి, పెసర కూర, అప్పడం వచ్చాయి. నేను తెర ముందు నా అన్నం డబ్బా తీసి మొదటి ముద్ద కలుపుతున్నాను. ప్రీజ చెంచా కింద పెట్టి, "వచ్చేస్తోంది" అని బొత్తాం నొక్కింది. నా ముద్ద డబ్బాలోనే ఉండిపోయింది.

గీతలు. నా కళ్ళు ముందు గీతల మీదికే పోయాయి. తల ఎవరూ పట్టుకోలేదు, తీగలు ఎవరూ లాగలేదు, అంచేత ప్రతి గీతా విడివిడిగా కనిపిస్తోంది. కాసేపు ఏం లేదు. తర్వాత సరిసంఖ్యల పక్క, కుడి కణత మీది గీతల్లో చిన్న చిన్న అలలు, వరసగా, ఒకే తాళంలో మొదలయ్యాయి. ఎడమ పక్క గీతలు వాటి మానాన అవి ఉన్నాయి. కుడివి పెద్దవయ్యాయి. చాలాసేపటికి గానీ అవతలికి పాకలేదు.

కెమెరాలో ప్రీజ కళ్ళు నిలిచిపోయాయి. నోరు నములుతోంది. గంజి నీళ్ళు పెదవి చివర నుంచి కారుతున్నాయి. కుడి చెయ్యి దుప్పటి అంచుని పీకుతోంది, ఎడమ చెయ్యి వంకరగా బిగుసుకుపోయింది. షైని మంచం పక్కన నిలబడి పేరు పెట్టి పిలుస్తోంది. భార్గవియమ్మ సగం లేచింది. "కూర్చో, కూర్చో తల్లీ," అని నేను తెరని బతిమాలాను, ఆవిడకి వినపడదని తెలిసి కూడా. ఆవిడ కూర్చుంది. చేతులు మళ్ళీ తొడల కింద పెట్టుకుంది. భుజం మీది తువ్వాలు కొసని పళ్ళతో పట్టుకుని కొరికేస్తోంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. ఆ మొహాన్ని ఆవిడ కూడా దూరం నుంచి, పూర్తిగా, అదే మొదటిసారి చూడటం అనుకుంటాను.

ఫిట్ ఆగింది. ప్రీజ శూన్యంలోకి చూస్తోంది. ముక్కు కారి పైపెదవి మీదికి వచ్చింది. సొంగ గడ్డం మీదుగా దిగుతోంది. ఎవరూ కదల్లేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తుడుచుకో ప్రీజా. తుడుచుకోవే అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఏదో ఒక చెయ్యెత్తు.

భార్గవియమ్మ వెక్కుతోంది, కానీ చేతులు బయటికి రాలేదు.

కుడి చెయ్యి లేచింది. మత్తులో ఉన్నట్టు, నెమ్మదిగా పైకి వచ్చి ముక్కు కింద అడ్డంగా రాసుకుంది. కిందకి జారింది. మళ్ళీ లేచి మళ్ళీ తుడుచుకుంది.

"కుడి!" అని అరిచాను, గదిలో నేనొక్కదాన్నే ఉన్నా.

షైని అడుగుతోంది, "నీ పేరేంటి?" "ప్రీజ." "ఇదేంటి?" "పెన్ను." మాట అంత త్వరగా, అంత స్పష్టంగా వచ్చిందంటే మాటలుండే ఎడమ పక్కకి దెబ్బ తగల్లేదన్న మాట. అది కూడా మాకే కలిసొచ్చింది.

నేను పరిగెత్తుకుంటూ వాళ్ళ గదిలోకి వెళ్ళేసరికి భార్గవియమ్మ అదే స్టూలు మీద, అలాగే ఉంది. మొహమంతా కన్నీళ్ళు. నా వైపు తల తిప్పింది.

"సిస్టరే, ఇప్పుడు తుడవొచ్చా?"

"తుడవండమ్మా," అన్నాను. నేను సిస్టర్ని కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చేతులు తిమ్మిరెక్కిపోయాయట, బయటికి తియ్యడానికి షైని సాయం పట్టాల్సి వచ్చింది.

డాక్టర్ హరీంద్రన్ వచ్చి, కూర్చుని, ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "చూద్దాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకేం చూస్తారు డాక్టర్? ఎదురుగా కనపడుతుంటే!" అన్నాను. ఆయన నవ్వి, "కుడే లిసియమ్మా. స్కాన్ కూడా అదే అంటోంది. మీటింగులో పెడదాం" అన్నాడు. పెట్టారు. పెద్ద తెర మీద అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఓనం పండగ వెళ్ళాక ఆపరేషన్ అయింది. తలకి కుట్లున్నప్పుడు ఒకసారి చూసి వచ్చాను, అంతే. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు ఎంతోమంది వచ్చారు, ఎన్నో నూనె తలలు కడిగాను.

మళ్ళీ జూన్ వానల్లో ప్రీజ వచ్చింది, గీతలు మరోసారి తీయించుకోవడానికి. మెట్ల మీద అడుగుల చప్పుడు విని తలెత్తితే, చంకలో మాళుని వేసుకుని ఒక్కతే పైకి ఎక్కి వస్తోంది. రొప్పుతోంది, నవ్వుతోంది. చాలా వెనకగా గొడుగు, టిఫిన్ క్యారేజీ పట్టుకుని భార్గవియమ్మ.

"ఆపరేషన్ అయ్యాక ఒక్కటంటే ఒక్కటి రాలేదు చేచీ," అంది ప్రీజ.

"సరే, ముందు కూర్చో," అని తల మీద చెయ్యి వేశాను. చెయ్యి జర్రున జారింది.

"భార్గవియమ్మా!"

"కొంచెమే సిస్టరే! బస్సులో..."

మళ్ళీ కుళాయి, మళ్ళీ షాంపూ. బిళ్ళలు అంటిస్తున్నంతసేపూ మాళు వాళ్ళమ్మ ఒళ్ళోనే కూర్చుని, "అమ్మా ఇదేంటి? అమ్మా అదేంటి?" అని తీగలు లాగబోతూ నన్ను చంపుకు తింది. వానకి తడిసిందేమో, పిల్లకి జలుబు. ముక్కు కారి పైపెదవి దాకా వచ్చింది. నా పక్కన స్టూలు మీద కూర్చున్న భార్గవియమ్మ చెయ్యి భుజం మీది తువ్వాలు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ప్రీజ చున్నీ అంచు తీసి మాళు ముక్కు తుడిచింది.

ఏ చేత్తో తుడిచిందో రాసుకుందామని అలవాటుగా పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.